బాయి గట్టున ఓడవ్వ

ఓడవ్వ పోయిందని నాకు తెలిసేసరికి మూడు నెలలయింది. మడకశిర తట్టునుంచి గొర్రెలు తోలుకొచ్చినాయన ఒకడు మా చేన్లో మంద నిలిపి, తాగడానికి నీళ్ళడిగి, మాటల్లో మాటగా చెప్పినాడు.

"మీ ఊరి ముసలామె, తెల్ల బూట్లేసుకుంటాండె, ఆయమ్మ పోయిందమ్మా. నిద్దట్లోనే పోయిందంట."

నీళ్ళు తాగి ఆయన గొర్రెల దగ్గరికి పోయినాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. మూణ్నెల్ల కిందట పోయిన మనిషికి ఈ రోజు ఏడ్చేదెట్ల అని ఒక పక్క అనుకుంటానే ఉన్నాను, ఇంకో పక్క కండ్లలో నీళ్ళు కారతానే ఉన్నాయి. మా ఆయన వచ్చి చూసి, ఏమైందని అడిగి, విని, తను కూడా పక్కన కూర్చున్నాడు.

ఆమె మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్ళవతల ఒంటరిగా ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికే అందరూ ఆమెను ఓడవ్వ అనేవాళ్ళు. ఓడెక్కి పోయొచ్చింది కాబట్టి ఓడవ్వ. ఎండాకాలం చెంబెడు నీళ్ళకు రెండు మైళ్ళు నడిచే ఊర్లో, సముద్రం దాటొచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

చిన్నప్పుడే మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. వజ్రకరూరు పక్క భూమిలో వజ్రాలున్నాయేమో చూసే పనికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. ఆయన పని ముగించుకొని వాళ్ళ దేశం పోయేటప్పటికి దొరసాని కడుపుతో ఉంది, ఒకటే వాంతులు. ఇద్దరు పిల్లల్ని ఓడలో పట్టుకునే మనిషి కావాల్సి వచ్చింది. "మాతో వస్తావా" అని దొరసాని అడిగితే, ఈమె "యాడికి" అనలేదంట. "ఎప్పుడు" అన్నదంట. మద్రాసులో ఓడెక్కి నెలన్నర నీళ్ళమీద పోయింది. రెండేండ్లు ఆడ ఉండి తిరిగొచ్చింది.

"ఎందుకు వస్తివవ్వా, ఆణ్ణే ఉండకపోతివా" అని నేనొకసారి అడిగినాను.

"పిల్లోళ్ళు బడికి పోతిరి. ఇంగ నాతో పనేముండాది. పని లేని చోట కూడు తింటే ఒంటికి పట్టదు" అన్నది.

తెచ్చుకున్నదల్లా ఒక జత తెల్ల గుడ్డబూట్లు, ఒక చెంచా, ఒక చాకు. ఆ బూట్లు అరిగిపోతే గుంతకల్లులో మళ్ళీ అట్లాంటివే వెతికి కొనుక్కునేది. మా ఎర్రమట్టి నేలలో సగం మైలు నడిస్తే చాలు, అవి ఇటుక రంగుకు తిరిగేవి. సాయంకాలం అరుగు మీద కూర్చొని సుద్దతో రుద్ది మళ్ళీ తెల్లగా చేసేది. రాగిసంగటి ముద్దను చాకుతో నాలుగు తునకలు కోసి, చెంచాతో ఊరుబిండి పచ్చడి పూసుకొని తినేది. మా అత్త అది చూసి నోరు మూసుకొని నవ్వుతాంటే, "నవ్వు తల్లీ నవ్వు, నాకు చేతులు కడిగే నీళ్ళు మిగిలినాయా లేదా" అనేది. ఆ మాట నిజమే. ఆమె నీళ్ళు వాడే తీరు మా వీధిలో ఎవరికీ రాలేదు. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు తోమిన నీళ్ళతో అరుగు. ఆ అరుగు కడగడానికి ఆమె పెట్టుకున్న పేరు "డెక్కు కడిగేది". ఓడలో పొద్దున్నే కూలోళ్ళు అట్ల కడిగేవాళ్ళంట.

ఆ ఓడ సరుకులోడ కాదు. జనం షికారుకు పోయే ఓడ. సాయంకాలమైతే బ్యాండు వాయించేవాళ్ళంట, దొరలూ దొరసానులూ చేతులు పట్టుకొని ఎగిరేవాళ్ళంట. ఇవన్నీ చెప్తే ఊర్లో వాళ్ళు బాగానే వినేవాళ్ళు. ఓడ కొండెక్కిందని చెప్పినప్పుడే చిక్కొచ్చేది.

"ఈ పక్కొక సముద్రం, ఆ పక్కొక సముద్రం. నడుమ భూమి ఎత్తుగా ఉండాది. కాలవ తవ్వి, రాతిగోడల నడుమ గేట్లు పెట్టినారు. ఓడ లోపలికి పోతానే ఎనక గేటు మూస్తారు. పై చెరువులోంచి నీళ్ళిడుస్తారు. నీళ్ళతో పాటు ఓడ లేస్తాది. అప్పుడు ముందర గేటు తెరుస్తారు. అట్ల మూడు మెట్లెక్కి, ఒక పెద్ద చెరువు దాటి, మళ్ళా మూడు మెట్లు దిగితిమి. దిగితే ఇంగో సముద్రం."

హోటలు కాడ బల్లమీద కూర్చునే మొగోళ్ళకు ఈ కథ రోజూ కావాల. ఆమె ఆ దోవన పోతే చాలు.

"ఏమవ్వా, మీ ఓడ మన ఉరవకొండ ఎక్కుతాదా?"

"గేట్లు కట్టి నీళ్ళిడిస్తే ఎక్కుతాది."

"ఎన్ని ఎద్దులు కట్టాలవ్వా?"

"ఎద్దులొద్దు. నీళ్ళు తెండి. మీరు నీళ్ళు తెచ్చిన పొద్దు నన్ను పిలవండి."

వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు, కోపం చేసుకునేది కాదు. బూట్లు టపటపమని పోయేది.

నాకు కూడా మొదట్లో నమ్మకం లేదు. ఒక మధ్యాన్నం మా అరుగు మీద ఇద్దరం విత్తనాలకు శెనక్కాయలు ఒలుస్తున్నాము. "నిజం చెప్పవ్వా, అంత పెద్ద ఓడ పైకెట్ల లేస్తాది" అన్నాను. ఆమె పొట్టు తీయని శెనక్కాయ ఒకటి మా సన్నమూతి చెంబులో వేసింది.

"చెయ్యి పెట్టి తియ్యి."

నా చెయ్యి పట్టలేదు.

"కడవలో నీళ్ళుండాయా? పొయ్యి."

పోసినాను. శెనక్కాయ తేలుకుంటా మూతి దాకా వచ్చింది. ఆమె రెండు వేళ్ళతో తీసి ఒలిచి, ఒక పలుకు నాకిచ్చి ఒక పలుకు నోట్లో వేసుకుంది. ఆ చెంబు నీళ్ళు మళ్ళీ కడవలోనే పోసింది. "ఇంతే పాపా. దీంట్లో మాయ లేదు, మంత్రం లేదు" అన్నది.

అప్పట్లో మా ఇంట్లో మల్లి అని ఒక ఎనుము ఉండేది. దాని తల్లి ఈనిన నాలుగో రోజే చచ్చిపోతే, నేను సీసాతో పాలు పట్టి సాకినాను. నా చేతితో తప్ప మేత తినేది కాదు. మూడేండ్లు వరసగా వానలు సరిగా లేక, చేన్లో పెట్టిన విత్తనం కూడా తిరిగిరాని రోజులవి. మల్లి తొలిచూలు. అది ఈనితే ఇంట్లో పాలుంటాయి, ఎండాకాలం గడిచిపోతుందని మా అత్త ఒక్కొక్క రోజే లెక్కపెట్టుకుంటా ఉండేది.

ఇంకొక పదిరోజుల్లో ఈనుతుందనగా అది మా చేని పాత బాయిలో పడింది.

ఆ బాయి నాలుగు పలకల రాతికట్టుడు బాయి. ఎండిపోయి చానా ఏండ్లయింది. పైన ఒక మట్టు, అంటే ఒక మనిషి నిలువు లోతు వరకు మెట్లున్నాయి, ఆ కింద మెట్లు కూలిపోయినాయి. మొత్తం మూడు మట్టులకు పైనే లోతు. అడుగున మోకాలెత్తు బురద ఉంది కాబట్టి మల్లి కాళ్ళు విరగలేదు. నేను పోయేసరికి కింద నిలబడి, తల పైకెత్తి అరుస్తాంది.

ఊర్లో మొగోళ్ళు పది పదిహేనుమంది తాళ్ళు, మోకులు తెచ్చినారు. ఎనుము బాయిలో పడితే పొట్ట కింద మోకు వేసి లాగడం వాళ్ళకు తెలిసిన పనే. కానీ నిండు చూలుతో ఉన్నదానికి పొట్ట మీద మోకు పడితే లోపల దూడ బతకదు, తల్లి బతికేది కూడా అనుమానమే. మా ఆయన మోకు చేతిలో పట్టుకొని నిలబడినాడు.

అప్పుడు ఓడవ్వ వచ్చింది. బాయి చుట్టూ ఒకసారి తిరిగింది. మెట్లు ఎంతవరకున్నాయో వంగి చూసింది.

"లాగొద్దు. నీళ్ళు పెట్టండి. అదే లేస్తాది" అన్నది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "అవ్వా, ఇది నీ ఓడ కాదు" అన్నారు.

"ఎనుముకు ఈత నేర్పాల్నా? ఓడకు రాదు, దీనికి వస్తాది. నీళ్ళు మెట్ల దాకా వస్తే మెట్లెక్కి వస్తాది" అన్నది.

నీళ్ళు ఎవరివి? చుట్టుపక్కల నీళ్ళున్న బాయి ఒక్కటే, మా పైచేని నారాయణప్పది. కరెంటు మోటారు పెట్టుకొని అరెకరా మిరపచెట్లు కాపాడుకుంటా ఉన్నాడు. అంతకు ముందేడు గట్టు విషయంలో ఆయనకూ మా ఆయనకూ మాటామాటా వచ్చి పలకరింపులు లేవు. మా ఆయన ఆ తట్టు చూసి తల దించుకున్నాడు.

ఓడవ్వ ఎవర్నీ అడగలేదు. బూట్లతోనే గట్టెక్కి నారాయణప్ప దగ్గరికి పోయింది. నేను ఎనకాల పరిగెత్తినాను. ఆయన మిరపచెట్లకు నీళ్ళు కడతా ఉన్నాడు.

"నారాయణప్పా, నీ కాలవ ఆ బాయిలోకి తిప్పు."

"అవ్వా, నా చెట్లు చూసినావా? రెండు రోజులు తడి తప్పితే పూత రాలిపోతాది. నాకూ బిడ్డలుండారు."

"నేను నీళ్ళు ఇమ్మనలేదు. బదులు అడుగుతాండా. నీళ్ళు యాడికి పోతాయి? ఆ బాయిలోనే ఉంటాయి. ఎనుము బయటికొచ్చినాంక నీ మోటారు దాంట్లో దించి నీ నీళ్ళు నువ్వు ఎత్తుకో."

"ఇంకిపోవా?"

"ఇంకుతాయి. కొంచెం పోతాయి. పోవని నేను చెప్పను."

ఆయన పార మీద చెయ్యి పెట్టుకొని చెట్ల తట్టు తిరిగినాడు. నా ముఖం చూసినాడు. తర్వాత పారతో ఒక్క వేటు వేసి కాలవ గండి తెంచినాడు. నీళ్ళు మా చేని తట్టు తిరిగినాయి.

నీళ్ళు బాయిలోకి దూకేసరికి మల్లి బెదిరిపోయింది. గోడలకు తల కొట్టుకోబోయింది. దాని దగ్గర ఎవరన్నా ఉండాల. మొగోళ్ళెవరు దిగినా అది కుమ్ముతాది. నేను పోతానన్నాను. నాకు ఈత రాదు. మా అత్త నా కొంగు పట్టుకొని, "ఎనుము పోతే పోయింది, నువ్వు దిగొద్దు" అన్నది. ఆమె నాతో అంత మెత్తగా మాట్లాడింది అదే మొదటిసారి. ఓడవ్వ కిరసనాయిలు డబ్బాలు రెండు తెప్పించి, మూతులకు గుడ్డ బిరడాలు కొట్టి మైనం పూయించి, నా చంకల కింద కట్టింది. ఓడలో వారానికొకసారి అందరికీ నీళ్ళలో తేలే బెండు చొక్కాలు తొడిగి నిలబెట్టేవాళ్ళంట, అది చూసి నేర్చుకుంది. నా నడుముకు తాడు మా ఆయన కట్టినాడు. ఆ తాడు కొస తనే పట్టుకున్నాడు. "ఇంగెవరి చేతికీ ఇయ్యను" అన్నాడు.

నన్ను దించినారు. మల్లి మెడ పట్టుకొని నిలబడినాను. చల్లటి బురద, పైన నాలుగు పలకల ఆకాశం. నీళ్ళు మోకాళ్ళకొచ్చినాయి, నడుముకొచ్చినాయి. రొమ్ముల దాకా వచ్చేసరికి మల్లి మెడను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కాళ్ళు నేలను వదిలినప్పుడు నేను అరిచినాను కూడా.

ఓడవ్వ బాయి గట్టున కాళ్ళు లోపలికి వేలాడేసుకొని కూర్చుంది. కింద నుంచి నాకు ఆమె బూట్ల అడుగులే కనపడతాన్నాయి.

"పాపా, పైకి చూడొద్దు. నీళ్ళ తట్టు చూడొద్దు. నీ ముందర గోడలో ఒక రాయి గుర్తు పెట్టుకో. పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"ఎట్లుండాది?"

"మూలకు పగిలిండాది."

"అది మునిగేది చూడు. అది మునిగిందంటే నువ్వు లేచినట్లు. నేనట్లే చేసినా."

పగిలిన రాయి మునిగింది. చెప్పినాను. "ఇంగోటి పెట్టుకో" అన్నది. అట్ల రాయి తర్వాత రాయి. నడుమ నడుమ ఓడ కథ చెప్తాంది. ఓడకు రెండు పక్కలా చిన్న రైలింజన్లు తాళ్ళు పట్టుకొని నడుస్తాయంట, ఓడ గోడకు తగలకుండా. "నీ మొగుడు తాడు పట్టుకోలేదా, అట్ల" అన్నది. పైన ఎవరో నవ్వినారు. మల్లి నాలుగు కాళ్ళూ ఆడిస్తా, ముక్కు పైకెత్తి, బుస్సు బుస్సుమని ఊపిరి విడుస్తా నా పక్కనే తేలుతాంది.

సగం దాకా వచ్చినాము. కాలవ చప్పుడు సన్నబడి ఆగిపోయింది. కరెంటు పోయింది.

ఆ పొద్దు నేను భయపడిందంతా ఒకెత్తు, ఆ మౌనం ఒకెత్తు. కింద నేల అందదు, పైన మెట్లు అందవు. మల్లి ఎంతసేపు ఈదుతాది? దాని కన్ను నా తట్టు తిరిగింది. "అవ్వా" అని పిలిచినాను.

"ఈడే ఉండా. నేను లేసి పోలేదు. ఓడ కూడా నడుమ నిలుస్తాది పాపా. గేటు తెరిచే దాకా నిలుస్తాది. ఏం కాదు."

ఆ గొంతులో తొందర లేదు. సాయంకాలం అరుగు మీద బూట్లకు సుద్ద రుద్దుతా మాట్లాడినట్లే మాట్లాడింది.

కొంచెంసేపటికి నీళ్ళ చప్పుడు మళ్ళీ వచ్చింది. కరెంటు కాదు. నారాయణప్ప బాయి దగ్గర ఒక పెద్ద రాతితొట్టి ఉంది. ఇంటికీ గొడ్లకూ వారానికి సరిపడే నీళ్ళు దాంట్లో నింపుకుంటాడు. దాని తూము పీకేసినాడు. ఎవరూ అడగలేదు. ఆ నీళ్ళయిపోకముందే కరెంటు వచ్చింది.

ఎండ తగ్గే వేళకు నీళ్ళు మెట్లకు తగిలినాయి. మల్లి ముందుకాళ్ళు రాయి మీద పెట్టి, జారి, మళ్ళీ పెట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కింది. నేను దాని తోక పట్టుకొని ఎక్కినాను. గట్టు మీద మా అత్త నన్ను పట్టుకొని నిలబడింది, తడి గుడ్డలతోనే. మా ఆయన అరచేతులు తాడు కోసుకొని ఎర్రగా ఉన్నాయి. ఆయన నారాయణప్ప దగ్గరికి పోయి, "అన్నా" అన్నాడు.

"మోటారు దించేకి రేప్పొద్దున రాప్పా. ఒక్కణ్ణే మోయలేను" అన్నాడు నారాయణప్ప.

తర్వాత రెండు రోజులు ఆ నీళ్ళు ఎత్తుకున్నారు. కొంత ఇంకిపోయినాయి. చివరి రెండు సాళ్ళ మిరపపూత రాలింది కూడా. ఆయన దాని ఊసెత్తలేదు. మల్లి తొమ్మిదో రోజు ఈనింది, పడ్డదూడ. మొదటి జున్ను మా అత్త తనే ఓడవ్వకు తీసుకుపోయింది, రెండోది నారాయణప్ప ఇంటికి.

హోటలు కాడ మొగోళ్ళు కథ అడగడం మానలేదు. నవ్వడం మానినారు. "అవ్వా, ఆ గేటు ఎంత మందముంటాది, ఎవరు తెరుస్తారు" అని అడిగేవాళ్ళు. ఆమె అంతకు ముందెట్లో అట్లే చెప్పి పోయేది.

కొన్నేండ్లకు చూపు తగ్గి, మడకశిరలో అక్క కూతురింటికి పోయింది. నేను ఒకసారి చూసొద్దామని పోయినాను. సగం కన్నడం కలిపి మాట్లాడుతాంది. బూట్లు కాళ్ళకే ఉన్నాయి, సుద్ద ఆ ఇంటి పాప రుద్దుతుందంట. నేను తీసుకుపోయిన నెయ్యి వాసన చూసి, "మల్లి బిడ్డదా?" అని అడిగింది. దాని బిడ్డ బిడ్డదని చెప్పినాను.

చాలాసేపు కూర్చున్నాము. నేను ఆ ఓడ కథ ఇంకొకసారి చెప్పమన్నాను.

"చెప్పేకేముండాది పాపా. నేను చూసిందే తక్కువ" అన్నది.

"అదేందవ్వా?"

"మొదటి గేటు కాడే చిన్నోనికి కడుపులో తిప్పి కక్కుకున్నాడు. వాణ్ణెత్తుకొని కింద గదిలోకి పోతి. ఆ గదికి తట్టంత గుండ్రటి కిటికీ. దాంట్లో గోడ తప్ప ఏం కనపడలేదు. పిల్లోడు ఏడుస్తాంటే, ఆ రాయి చూడు, మునుగుతాంది, ఈ రాయి చూడు అని గోడే చూపిస్తా కూర్చుంటి. మిగిలిందంతా పైనున్నోళ్ళు చెప్తే ఇన్నదే. ఓడ లేస్తాందని వాళ్ళు చెప్పినాంకనే నాకు తెలిసింది."

"మరి ఆ పొద్దు బాయి కాడ?"

"ఆ పొద్దు ఏం?"

"నీళ్ళు పెడితే లేస్తాదని అంత గట్టిగా చెప్తివే. కరెంటు పోయినప్పుడు కూడా ఏం కాదంటివే. ఏమవుతాదో నీకు తెలుసునా?"

ఓడవ్వ నా చెయ్యి వెతుక్కొని పట్టుకుంది.

"నాకెట్ల తెలుస్తాది? నా గుండె దడదడ కొట్టుకుంటాండె. కానీ నువ్వు కింద ఉంటివి పాపా. పైన కూర్చున్నదాన్ని, నాకు తెలియదని చెప్పొచ్చునా?"

బయట గుంతకల్లు తట్టు పోయే బస్సు హారను కొట్టింది. దానికే పోవాలని అంతకు ముందే సంచి సర్దుకొని ఉన్నాను. లేవలేదు. బస్సు పోయింది. ఆ మధ్యాన్నమంతా ఆమె చెయ్యి నా చేతిలోనే పెట్టుకొని కూర్చొని, సాయంకాలం బస్సుకు ఇంటికొచ్చినాను.